గోల్ఫ్‌లో డ్రైవర్‌కి టీ ఎంత ఎత్తు పెట్టాలి: తక్కువా, మధ్యలోనా, ఎక్కువా? ఎవరికి ఏది సూటవుద్ది

గోల్ఫ్‌లో బాల్‌ని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ డ్రైవర్, అది కొనేటప్పుడు యాభై వేలు పెట్టడానికి కూడా వెనకాడరు మనోళ్ళు, షాఫ్ట్ (క్లబ్ కర్ర) స్టిఫ్ తీసుకోవాలా రెగ్యులర్ తీసుకోవాలా అని రాత్రంతా వీడియోలు చూస్తారు, కానీ ఆ బాల్‌ని ఎంత ఎత్తులో పెట్టాలి అన్నది మాత్రం ఆ పూట జేబులో చెయ్యి పెడితే ఏ టీ (బాల్‌ని నిలబెట్టే చిన్న పుల్ల) తగిలితే అదే లెక్క. ఒక హోల్‌లో బాల్ గడ్డికి ఆనుకుని ఉంటుంది, పక్క హోల్‌లో రెండంగుళాలు పైకెక్కి కూర్చుంటుంది, స్వింగ్ మాత్రం రెండింటికీ ఒకటే, ఆ తర్వాత "ఇవాళ డ్రైవర్ సెట్ అవ్వట్లేదు భయ్యా" అని కంప్లయింట్.

నా మాట ముందే చెప్పేస్తా. టీ ఎత్తు ఒక్కటే విడిగా సెలెక్ట్ చేసుకునేది కాదు, బాల్ పొజిషన్‌తో, అంటే పాదాల మధ్య బాల్ ఎక్కడుందో దానితో కలిపి జతగా సెలెక్ట్ చేసుకోవాలి. ఒకటి మార్చి రెండోది పాతదే ఉంచితే ఏ ఎత్తూ పని చెయ్యదు. కుడిచేతి వాటం వాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి.

ముందు కొలతలు. బాల్ వ్యాసం రూల్ ప్రకారం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అంటే సగం బాల్ దాదాపు 21 మిల్లీమీటర్లు. డ్రైవర్ హెడ్ (కర్ర చివరి దిమ్మ) 460 సీసీ దాకా ఉండొచ్చు, ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ శాతం ఆ లిమిట్‌కి దగ్గర్లోనే ఉంటాయి, ఫేస్, అంటే బాల్‌కి తగిలే ముందు భాగం, కింద నుంచి పై అంచు దాకా కొలిస్తే మోడల్‌ని బట్టి 55 నుంచి 60 మిల్లీమీటర్లు వస్తుంది. హెడ్‌ని నేల మీద ఆనించి పక్కనుంచి చూసినప్పుడు బాల్ సగం పైకి, సగం కిందకి కనపడాలి అని అందరూ చెప్పేది ఈ లెక్క మీదే. అలా పెడితే బాల్ అడుగు భాగం నేలకి ఒకటిన్నర అంగుళం ఎత్తులో, అంటే 38 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. నేను మధ్య ఎత్తు అన్నప్పుడల్లా ఇదే అనుకోండి. తక్కువ అంటే ఒక అంగుళం, అప్పుడు బాల్‌లో పావు వంతు కూడా హెడ్ పైకి కనపడదు. ఎక్కువ అంటే దాదాపు రెండంగుళాలు, బాల్ ఇంచుమించు మొత్తం హెడ్ మీదుగా కనపడుతుంది.

పాత మెంబర్లు ఇప్పటికీ పొట్టి టీలు వాడతారు చూశారా, వాళ్ళు ఆట నేర్చుకున్న రోజుల్లో డ్రైవర్ హెడ్ చెక్కతో చేసినది, సైజు ఇప్పటి దాంట్లో సగం కూడా ఉండేది కాదు, 54 మిల్లీమీటర్ల టీ దానికి సరిపోయేది. వాళ్ళ బ్యాగులోకి పెద్ద హెడ్ డ్రైవర్ వచ్చింది కానీ టీ మాత్రం మారలేదు. అంకుల్ కదా అని వాళ్ళని చూసి ఎత్తు కాపీ కొట్టకండి.

సగం బాల్ హెడ్ పైన ఉంటే క్లబ్ బాల్ కిందనుంచి దూరిపోదా అని కొత్తవాళ్ళకి డౌట్ వస్తుంది, న్యాయమైన డౌటే. దూరదు, ఎందుకంటే బాల్‌ని తాకే టైముకి హెడ్ నేలకి ఆని ఉండదు. బాల్‌ని ఎడమ మడమకి ఎదురుగా పెడతాం కాబట్టి స్వింగ్‌లో అట్టడుగు పాయింట్ బాల్ కంటే వెనకే అయిపోతుంది, అక్కణ్ణుంచి హెడ్ గాల్లో పైకి లేస్తూ వచ్చి బాల్‌ని తాకుతుంది, అప్పుడు బాల్ ఫేస్ మధ్యలోనో దానికి కాస్త పైనో పడుతుంది. అంటే ఆ "సగం పైకి" ఫార్ములా పైకి లేస్తూ కొట్టేవాళ్ళ కోసం తయారైంది, కిందకి నరికినట్టు కొట్టేవాళ్ళకి అదే ఫార్ములా పెడితే సీన్ వేరేగా ఉంటుంది, దాని దగ్గరకి వస్తా.

ఫేస్ మీద ఎక్కడ తగిలింది అన్నది ఎందుకంత ముఖ్యం అంటే, డ్రైవర్ ఫేస్ చదునుగా ఉండదు, పైనుంచి కిందకి కొంచెం వంపు ఉంటుంది, కాబట్టి పై భాగంలో లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎక్కువ, కింది భాగంలో తక్కువ. దానికి తోడు బాల్ మధ్యకి పైన తగిలితే హెడ్ వెనక్కి ఒరుగుతుంది, ఆ ఒరుగుడు బాల్ బ్యాక్‌స్పిన్‌ని కొంచెం తగ్గిస్తుంది, దీన్ని గేర్ ఎఫెక్ట్ అంటారు. మధ్యకి కింద తగిలితే అంతా రివర్స్, బాల్ తక్కువ ఎత్తులో బయల్దేరి స్పిన్ మాత్రం విపరీతంగా తెచ్చుకుంటుంది. కాబట్టి ఒకే స్పీడ్‌తో కొట్టినా, ఫేస్ మధ్యకి అర అంగుళం కింద తగిలిన బాల్ ముందు కిందగా వెళ్ళి మధ్యలో లేచి చప్పగా పడిపోతుంది, అర అంగుళం పైన తగిలింది ఎత్తుగా వెళ్ళి ముందుకు దొర్లుతుంది. దూరం పెరగాలంటే జిమ్‌కి వెళ్ళక్కర్లేదు, ముందు ఈ అంగుళం సంగతి చూసుకోండి అని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఇక ఒక్కో ఎత్తు ఎవరికి అన్న విషయం. తక్కువ టీ ఎవరికి పనికొస్తుందంటే క్రికెట్ నుంచో హాకీ నుంచో వచ్చి ఐరన్ క్లబ్‌తో కొట్టినట్టు కిందకి కొట్టే అలవాటు బాగా ముదిరిపోయినవాళ్ళకి, అదీ తాత్కాలికంగా. మీ స్వింగ్ మూడు నాలుగు డిగ్రీలు కిందకి దిగుతోంది అనుకోండి, బాల్ రెండంగుళాల ఎత్తులో ఉంటే హెడ్ పై అంచు తగిలి బాల్ నిట్టనిలువుగా గాల్లోకి లేస్తుంది, స్కై బాల్ అంటాం కదా అదే, పైగా డ్రైవర్ పైన పెయింట్ మీద తెల్ల గీత పడుతుంది, అది ఏ పాలిష్‌కీ పోదు. అలాంటివాళ్ళకి ఒక అంగుళం సేఫ్, బాల్ ఫెయిర్‌వే (హోల్ దాకా కత్తిరించిన గడ్డి దారి) మీదే ఉంటుంది, కానీ దూరం పోతుంది, స్లైస్ (బాల్ కుడికి వంగిపోవడం) ఉంటే అది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే టీ తక్కువ కనపడేసరికి బాడీ తనంతట తనే బాల్ మీద పడి బయట నుంచి లోపలికి నరకడం మొదలుపెడుతుంది. స్లైస్ కొట్టేవాడికి "భయపడకు, తక్కువ పెట్టు" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ప్రాక్టీస్ రేంజ్‌లోనూ ఒకరు ఉంటారు, ఆ సలహా వినకండి.

మధ్య ఎత్తు మెజారిటీకి. ఇంకా స్వింగ్ సెట్ అవ్వనివాళ్ళు, కొత్త డ్రైవర్ తీసుకున్నవాళ్ళు, లాంచ్ మానిటర్ (స్పీడ్, బాల్ లేచే కోణం కొలిచే మిషన్) మీద ఎప్పుడూ కొట్టనివాళ్ళు, అందరూ ఇక్కడే మొదలుపెట్టాలి. ఇందులో తప్పు జరిగినా నష్టం తక్కువ, కాస్త కింద తగిలినా కాస్త పైన తగిలినా ఫేస్ మీదే పడుతుంది.

ఎక్కువ ఎత్తు నాకు ఇష్టమైనది, కానీ దానికి షరతులున్నాయి. నిజంగా పైకి లేస్తూ కొట్టగలగాలి, డ్రైవర్ ఫేస్ కింద నుంచి పైకి ఎత్తుగా (డీప్ ఫేస్) ఉండాలి, లాఫ్ట్ మరీ ఎక్కువ ఉండకూడదు. ఇవి కుదిరితే మాత్రం ముఖ్యంగా స్పీడ్ తక్కువ ఉన్నవాళ్ళకి దీనికి మించింది లేదు. లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ వాళ్ళు కొన్నేళ్ళ కిందట బయటపెట్టిన ప్రొఫెషనల్ టూర్ సగటులు చూస్తే మీకే అర్థమవుతుంది. పీజీఏ టూర్ మగవాళ్ళు డ్రైవర్‌ని గంటకి 113 మైళ్ళ స్పీడ్‌తో, 1.3 డిగ్రీలు కిందకి దిగుతూ కొడితే బాల్ 10.9 డిగ్రీల్లో లేచి గాల్లోనే 275 గజాలు వెళ్ళేది. ఎల్పీజీఏ ఆడవాళ్ళు 94 మైళ్ళ స్పీడ్‌తో 3 డిగ్రీలు పైకి లేస్తూ కొట్టి, 13.2 డిగ్రీల లాంచ్‌తో 218 గజాలు తీసేవాళ్ళు. శనాదివారాల్లో ఆడే మన స్పీడ్ 85, 90, మహా అయితే 95. అంటే మన లెక్కలు ఎవరికి దగ్గర? టీవీలో మగవాళ్ళ టోర్నమెంట్ చూసి వాళ్ళ టీ ఎత్తు కాపీ కొడతాం, చూడాల్సింది ఆడవాళ్ళ టోర్నమెంట్. 113 స్పీడ్ ఉన్నవాడు కిందకి కొట్టినా వాడికి చెల్లుతుంది, 88 ఉన్నవాడు కిందకి కొడితే బాల్ లేవదు, లేచినా స్పిన్ ఎక్కువై ముందుకు పోదు.

ఇప్పుడు సెటప్, అసలు గొడవంతా ఇక్కడే. టీ ఎత్తు పెంచి, బాల్‌ని మాత్రం పాత అలవాటు కొద్దీ స్టాన్స్ (రెండు పాదాల) మధ్యలో ఉంచేవాళ్ళు చాలామంది. హెడ్ ఇంకా కిందకి దిగుతుండగానే బాల్ వచ్చేస్తుంది, అంతే, ఆకాశంలోకి. దాన్ని చూసి "ఎత్తు పెట్టడం నాకు పడదు" అని డిసైడ్ అయిపోతారు, నిజానికి పడనిది ఎత్తు కాదు, బాల్ ఉన్న చోటు. దానికి ఉల్టా ఇంకో రకం ఉన్నారు, టీ తక్కువ పెట్టి బాల్‌ని ఎడమ బొటనవేలి దాకా ముందుకు జరిపేస్తారు, వాళ్ళకి హెడ్ పైకి లేచిపోయాక బాల్ దొరుకుతుంది, నెత్తిన తగిలి డెబ్భై గజాలు గడ్డిలో పాకుతుంది.

కాబట్టి జత ఇలా పెట్టుకోండి. ఒక అంగుళం టీ అయితే బాల్ ఎడమ మడమకి ఒక బాల్ వెడల్పు లోపలికి, పాదాలు భుజాల వెడల్పు, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా. ఒకటిన్నర అంగుళం అయితే బాల్ ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా, పాదాలు భుజాల కంటే కొంచెం వెడల్పుగా, కుడి భుజం ఎడమ దానికంటే కాస్త కిందకి. ఆ వంపు తేవడానికి ఈజీ పద్ధతి, నిలబడ్డాక కుడి చెయ్యి గ్రిప్ వదిలేసి కుడి మోకాలి పక్కకి జార్చి మళ్ళీ పైకి తెచ్చి పట్టుకోండి, భుజం దానంతట అదే దిగుతుంది. రెండంగుళాలు అయితే బాల్ ఎడమ మడమకి ఎదురుగా గానీ, ఒక అర బాల్ ఇంకా ముందుకి గానీ, బరువు కొంచెం కుడి కాలి మీద ఎక్కువ, తల బాల్ వెనకాల. చేతులు మాత్రం ఏ ఎత్తులోనూ బాల్ కంటే ముందుకి తోయొద్దు, అది ఐరన్ అలవాటు. ఇంకోటి, బాల్ ముందుకి జరిగేకొద్దీ భుజాలు తెలియకుండా ఎడమకి తెరుచుకుంటాయి, క్లబ్‌ని ఛాతీకి అడ్డంగా పట్టుకుని ఎటు చూస్తోందో ఒకసారి చెక్ చేసుకోండి.

ఒక విషయం మాత్రం చాలామంది కోచ్‌లు కూడా చెప్పరు. టీ ఎత్తుగా పెట్టినప్పుడు డ్రైవర్‌ని నేల మీద ఆనించి ఫేస్ మధ్యని బాల్‌కి గురిపెట్టి నిలబడ్డారు అనుకోండి, ఇప్పుడు కాళ్ళూ నడుమూ కదపకుండా చేతులతో క్లబ్‌ని బాల్ ఎత్తుకి లేపి చూడండి. హెడ్ పైకి మాత్రమే రాదు, మీ నుంచి దూరంగా బయటికి కూడా జరుగుతుంది, బాల్ ఇప్పుడు ఫేస్ మధ్యలో కాకుండా హీల్ (షాఫ్ట్‌కి దగ్గరి భాగం) వైపు కనపడుతుంది. స్వింగ్‌లోనూ జరిగేది అదే. హీల్‌కి తగిలితే బాల్ కుడికి తిరుగుతుంది, దాన్ని చూసి స్వింగ్ మార్చుకోవడానికి వెళ్తారు. మందు సింపుల్, అడ్రస్‌లో, అంటే స్వింగ్‌కి ముందు నిలబడి హెడ్‌ని నేల మీద ఆనించినప్పుడు, బాల్ ఫేస్‌లో టో (షాఫ్ట్‌కి దూరపు అంచు) వైపుకి కాస్త జరిగి ఉండేలా నిలబడండి, లేదంటే మొదటి నుంచే హెడ్‌ని గాల్లో బాల్ ఎత్తుకి ఎత్తి పట్టుకుని అక్కడ మధ్య కుదుర్చుకోండి. నాకు రెండోదే నచ్చుతుంది, గ్రిప్ మీద టెన్షన్ కూడా తగ్గుతుంది.

మీకు ఏది సూటవుద్దో తెలుసుకోవడానికి లాంచ్ మానిటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పర్లేదు. ఫార్మసీలో దొరికే ఫుట్ పౌడర్ స్ప్రే ఫేస్ మీద పల్చగా కొట్టండి, ప్రతి షాట్‌కీ బాల్ గుండ్రటి మచ్చ పడుతుంది. మూడు ఎత్తుల్లోనూ తలా ఐదారు బాల్స్, ఒక్కోదానికి బాల్ పొజిషన్ పైన చెప్పినట్టు మారుస్తూ, ఒక్కో ఎత్తు అయ్యాక ఫేస్ ఫోటో తీసి తుడిచేసి మళ్ళీ కొట్టండి. చూడాల్సింది ఏంటంటే, ఏ ఎత్తులో మచ్చలు మధ్యకి పావు అంగుళం పైన గుంపుగా పడ్డాయి. దూరం వెళ్ళిన ఒక్క బాల్‌ని చూసి మురిసిపోవద్దు, గుంపు ఎక్కడుందో అదే మీ ఎత్తు. మచ్చలు నిలువుగా పైనుంచి కింద దాకా చెల్లాచెదురుగా ఉంటే ఎత్తు ప్రాబ్లం కాదు, స్వింగ్ ప్రాబ్లం, అప్పుడు మధ్య ఎత్తు పెట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్ళండి. రౌండ్‌కి వెళ్ళే ముందు మాత్రం ఆ పౌడర్ శుభ్రంగా తుడిచెయ్యాలి, బాల్ నడతని మార్చేలా ఫేస్ మీద ఏదైనా పూసి ఆడటం రూల్‌కి విరుద్ధం.

ఈ టెస్ట్ రేంజ్ మ్యాట్ మీద చేస్తే ఒక చిక్కుంది, అక్కడ రబ్బర్ టీ ఎత్తు వాళ్ళు పెట్టిందే, ఒక బేలో (నిలబడి కొట్టే గడి) ఒకలా పక్క బేలో ఇంకోలా, అరిగిపోయి పక్కకి వాలినవి కూడా. వెళ్ళగానే చిన్న స్కేల్‌తో కొలుచుకుని మీకు కావాల్సింది ఉన్న బే పట్టుకోండి, లేదా రబ్బర్ టీలు రెండు మూడు సైజులవి కొనుక్కుని మార్చుకోండి, మ్యాట్ కింద నుంచి దూర్చడమే. గడ్డి మీద టీ గుచ్చే రేంజ్ దొరికితే అక్కడికే వెళ్ళండి.

టీల్లో ఏది కొనాలి అన్నది లెక్క కడితే తేలిపోతుంది. 38 మిల్లీమీటర్లు పైకి కావాలంటే 54 సైజు టీలో నేలలోకి దిగేది 16 మాత్రమే, ఊగుతుంది. 70 సైజు అయితే 32 దిగుతుంది, గట్టిగా నిలబడుతుంది, మధ్య ఎత్తు వాళ్ళకి ఇదే. రెండంగుళాలు పెట్టేవాళ్ళు 83 తీసుకోవాలి. దానికంటే పొడుగు ఎందుకో నాకు అర్థం కాదు, రూల్ ప్రకారం 4 అంగుళాలు మించకూడదు, ఆ లిమిట్ దాకా వెళ్ళాల్సిన అవసరం మామూలు మనిషికి రాదు. చెక్క టీ చవక, ఒక్కో షాట్‌కి ఒకటి విరిగినా బాధ లేదు. వెదురు టీ రేటు కొంచెం ఎక్కువ కానీ బాగా ఆగుతుంది, నా ఓటు దీనికే. మెట్టు ఉన్న ప్లాస్టిక్ టీ ఉంటుంది చూడండి, మెట్టు నేలకి ఆనేదాకా గుచ్చితే ప్రతిసారీ ఒకటే ఎత్తు వస్తుంది, కొత్తవాళ్ళకి ఇది నిజంగా మంచిది, రంగుని బట్టి ఎత్తు ఉంటుంది కానీ ఒక కంపెనీ రంగుల లెక్క ఇంకో కంపెనీకి సరిపోకపోవచ్చు, కొనే ముందు ప్యాకెట్ మీద మిల్లీమీటర్లు చదవండి. బ్రష్ టీలూ, మూడు కొమ్ముల టీలూ ఉన్నాయి, రాపిడి తగ్గి దూరం పెరుగుతుందని అమ్ముతారు, మన స్థాయిలో ఆ తేడా కన్నా ఎత్తు ఒకేలా పెట్టడం వల్ల వచ్చే తేడానే ఎక్కువ. చెక్క టీ వాడేవాళ్ళు మార్కర్‌తో గీత గీసుకోండి, గీత దాకా గుచ్చండి, లేదంటే బాల్ కింద రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి చూడండి, మధ్య ఎత్తుకి దాదాపు సరిపోతుంది.

అసలు ఈ చెక్క టీ కథ కూడా భలే ఉంటుంది. అంతకుముందు తడి ఇసుకని చిటికెడు తీసి చిన్న గుట్ట చేసి దాని మీద బాల్ పెట్టేవాళ్ళు. 1899లో జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ అనే బోస్టన్ డెంటిస్ట్ చెక్క టీకి పేటెంట్ తీసుకున్నాడు కానీ అమ్ముకోలేదు, 1920ల్లో విలియం లోవెల్ అనే ఇంకో డెంటిస్ట్ రెడ్డీ టీ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చాడు, పేరు చూసి మనోళ్ళనుకోకండి.

ఎదురుగాలి ఉన్నప్పుడు టీ తగ్గించమంటారు, నేను ఒప్పుకోను. తగ్గిస్తే ఫేస్ కింది భాగంలో తగిలే చాన్స్ పెరుగుతుంది, స్పిన్ పెరుగుతుంది, ఎదురుగాలిలో స్పిన్ ఉన్న బాల్ ఇంకా పైకి లేచి నిలబడిపోతుంది, మనం కోరుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం. ఎత్తు అలాగే ఉంచి బాల్‌ని అర బాల్ వెనక్కి జరిపి, గ్రిప్ ఒక అంగుళం కిందకి పట్టుకుని, బలంగా కాకుండా నిదానంగా కొట్టండి. వెనక గాలి అయితే ఒక పావు అంగుళం పెంచుకోండి, అంతకంటే ఆలోచించక్కర్లేదు.

డ్రైవర్ బదులు 3 వుడ్, హైబ్రిడ్ లాంటి క్లబ్ తీస్తే బాల్ నేలకి అర అంగుళం లోపే, ఐరన్‌కి అయితే మంచి గడ్డి మీద బాల్ ఎలా ఉంటుందో అలా, పావు అంగుళం. ఇంగ్లండ్ ప్లేయర్ లారా డేవిస్ టీ లేకుండా క్లబ్‌తో నేలని కొట్టి మట్టి కొంచెం పైకి లేపి దాని మీద బాల్ పెట్టి ఆడేది, రూల్స్ దానికి ఒప్పుకుంటాయి, కానీ మన కోర్సులో మీరు ఆ పని చేస్తే గ్రౌండ్స్‌మ్యాన్ ఊరుకోడు.

టీ ఎక్కడ గుచ్చాలి అన్నది కూడా చాయిసే. హోల్ మొదట్లో ఉండే రెండు మార్కర్ల మధ్య గీత దగ్గరే పెట్టాలని లేదు, అక్కణ్ణుంచి వెనక్కి రెండు క్లబ్‌ల పొడవు దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఆ పొడవు కొలిచేది పటర్ కాకుండా బ్యాగులో అన్నిటికంటే పొడుగు క్లబ్‌తో, అంటే డ్రైవర్‌తోనే. ముందు భాగం అంతా తవ్వేసినట్టు ఉంటే వెనక చదునైన చోటు చూసుకోండి, కాళ్ళు ఆ ఏరియా బయట ఉన్నా పర్లేదు, బాల్ లోపల ఉంటే చాలు. గీత దాటి ముందు పెట్టి కొడితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే ఆటలో) రెండు స్ట్రోకులు పెనాల్టీ, పైగా మళ్ళీ కొట్టాలి. స్లైస్ ఉన్నవాళ్ళు కుడి మార్కర్ దగ్గర పెట్టి ఎడమ వైపుకి గురి చూడండి, హుక్ (బాల్ ఎడమకి వంగిపోవడం) ఉన్నవాళ్ళు రివర్స్. బాల్ టీ మీద నుంచి జారి పడిపోతే ఏమీ కాదు, మళ్ళీ పెట్టుకోండి. గాల్లో ఊపి మిస్ అయితే మాత్రం అది ఒక స్ట్రోకే, కాకపోతే బాల్ ఇంకా అక్కడే ఉంటే టీ ఎత్తు మార్చుకుని మళ్ళీ కొట్టొచ్చు, దానికి ఎక్స్‌ట్రా పెనాల్టీ లేదు.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఆడేవాళ్ళకి ఇంకో తలనొప్పి, నేల ఎండి రాయిలా అయి టీ సగం కూడా దిగదు, బలంగా తోస్తే విరుగుతుంది, దిగినంత చాలులే అని కొట్టేస్తారు, దాంతో ఎత్తు మారిపోతుంది. టీ గుచ్చే ముందు పాత మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో సన్నటి రంధ్రం చేసుకోండి, టీయింగ్ ఏరియాలో నేలని అలా మార్చుకోవడానికి రూల్ ఒప్పుకుంటుంది. వానాకాలం ఉల్టా, మెత్తటి నేలలో బాల్ పెట్టగానే టీ ఇంకాస్త దిగిపోతుంది, కాబట్టి బాల్ పెట్టాక ఒకసారి వంగి చూసుకోండి. విరిగిన టీ ముక్కలు మంచి సైజులో ఉంటే జేబులో వేసుకోండి, పార్ 3 లాంటి పొట్టి హోల్‌లో ఐరన్‌కి అవే సరిపోతాయి, మిగతావి పక్కనున్న డబ్బాలో వెయ్యండి, గడ్డిలో వదిలేస్తే మోవర్ బ్లేడ్లు పాడవుతాయి.